ఆర్మీ నుంచి రిటైరై వచ్చిన మా బావకు నిద్ర లేదు, పిల్లలు దగ్గరికి పోవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పలమనేరు_బామ్మర్ది:

అందరికీ నమస్కారం. మా బావ ఆర్మీలో హవల్దారుగా రిటైరై ఈమధ్యే ఊరికి వచ్చినాడు. సర్వీసులో ఎక్కువ భాగం ఫీల్డే (కాల్పులు జరిగే చోట్ల డ్యూటీ), మిలిటెంట్లతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్ దళంతో కాశ్మీర్‌లో రెండు టెన్యూర్లు. ఇప్పుడు అర్ధరాత్రి దాటినాక కేక వేసి లేస్తాడు. అక్క తట్టి లేపబోతే చెయ్యి విసురుతాడు. మావైపు పొలాల్లో ఏనుగుల్ని తోలేదానికి టపాసులు కాలుస్తారు కదా, ఆ చప్పుడు వినబడితే ఇంక తెల్లారేదాకా వాకిట్లోనే కూర్చుంటాడు. మిలిటరీ క్యాంటీన్ కోటా మందు తాగేది రోజూ నడుస్తా ఉంది.

పిల్లోడికి 9 ఏళ్లు, పాపకు 4. ఫోన్లో ఉన్నన్నాళ్లూ ‘నాన్నా నాన్నా’ అన్న పాప ఇప్పుడు ఎదురుపడితే అక్క కొంగు వెనక దాక్కుంటుంది. పిల్లోడు అన్నం వదిలేస్తే బావ పెద్దగా అరుస్తాడు, వాడు బిగుసుకుపోతాడు.

అడగాల్సినవి ఇవి. చిత్తూరా, తిరుపతా, వేలూరా, ఎక్కడ చూపించాలి? ఈసీహెచ్‌ఎస్‌లో (మాజీ సైనికుల వైద్య పథకం) అవుతుందా? పిల్లల దగ్గర ఏం చెయ్యాల? తిరుపతిలో నైట్ షిఫ్ట్ సెక్యూరిటీ ఉద్యోగం ఒకటి పిలుస్తా ఉంది, చేరమనొచ్చా?

---

వార్డు_సిస్టర్:

ముందు రాత్రి సంగతి చూద్దాం, అది ఈ రోజు నుంచే మార్చుకోవచ్చు.

కేక వేసి లేచే మనిషిని తట్టి లేపకూడదు. నిద్రలో ఉన్న ఒంటికి ఆ చెయ్యి ఎవరిదో తెలియదు, అందుకే విసురుతుంది. అందులో కోపం ఏమీ ఉండదు. అక్క మంచానికి కాళ్లవైపు, చెయ్యి అందనంత దూరంలో నిలబడాలి. ముందు లైటు వేసి, మామూలుగా ఎలా పిలుస్తుందో అలాగే పిలవాలి. ‘ఇది మనిల్లు, పలమనేరు. టైము రెండయింది. పిల్లలు నిద్రపోతా ఉండారు’ అని చెప్పి, మెలకువ వచ్చిందని తెలిసేదాకా దగ్గరికి పోకూడదు. కొన్నాళ్లు పాపను ఆ మంచం మీద పడుకోబెట్టొద్దు. ఏం కల వచ్చిందని ఆ టైములో అడగొద్దు. నీళ్లు తాగించి, పాదాలు నేలకు ఆనించి, గదిలో కనబడే వస్తువుల పేర్లు ఐదు చెప్పమనండి. 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరేచోట కూర్చోవాలి. రాత్రి ఎంత పాడైనా పొద్దున లేచే టైము మాత్రం మారకూడదు. మిలిటరీ మనిషికి ఇదొక్కటి సులువు.

లక్షణాలు నెల దాటినా తగ్గకుండా బతుకును అడ్డుకుంటుంటే పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసుకు పట్టే జబ్బు) అని అనుమానించాలి. నాలుగు రకాలు చూస్తారు. జరిగింది కలల్లోనో మెలకువలోనో తిరిగి రావడం, దాన్ని గుర్తుచేసేవాటిని తప్పించుకోవడం, మనసు మొద్దుబారడం లేదా తప్పంతా తనదే అనుకోవడం, ఒళ్లు ఎప్పుడూ కాపలాలో ఉన్నట్టు బిగదీసుకుని ఉండటం. నిర్ధారణ సైకియాట్రిస్టే చెయ్యాలి, ఎందుకంటే ఇదే వేషంలో వేరే జబ్బులూ వస్తాయి. గురకతో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉందా, థైరాయిడ్ ఉందా, పేలుడు దగ్గర్లో జరిగి తలకు దెబ్బ తగిలిందా అన్నవి డాక్టరుకు మీరే చెప్పాలి, ఆయన చెప్పడు.

చెవి పరీక్ష కూడా చేయించండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కాల్పుల శబ్దం ముందు దెబ్బతీసేది 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య, ముఖ్యంగా 4000 దగ్గర వినికిడిని. మగవాళ్ల మాటలు బాగానే వినిపిస్తాయి. స, ష, త లాంటి అక్షరాలూ చిన్నపిల్లల సన్నటి గొంతూ జారిపోతాయి. పాప పిలిస్తే పలకడం లేదంటే మనసు లేక కాకపోవచ్చు. ఆడియోమెట్రీ అరగంట పని.

ఇక మందు. తాగితే నిద్ర పట్టేమాట నిజమే, అయితే అది రాత్రి మొదటి సగానికే. మత్తు దిగే కొద్దీ అణిగి ఉన్న కలల నిద్ర ఎగదన్ని వస్తుంది, రెండు మూడింటికి కేకలు అందుకే. అలాగని ఒక్కసారిగా ఆపించొద్దు. రోజూ గట్టిగా తాగే మనిషి ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు. మాల వేయించి మాన్పించాలని ఇంట్లో పెద్దోళ్లు అంటారు. వేయించండి, కానీ దానికి ముందు డాక్టరు దగ్గర డీటాక్స్ (తాగుడును ప్రమాదం లేకుండా ఆపించే చికిత్స) అయిపోవాలి.

మాత్రల్లో ఎక్కువగా రాసేవి సెర్ట్రలిన్, పారోక్సెటిన్. గుణం కనబడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, గాభరా కొంచెం పెరుగుతాయి, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఇంకొంతమంది దాంపత్యంలో ఇబ్బంది వచ్చి, డాక్టరుకు చెప్పుకోలేక ఆపేస్తారు. చెబితే డోసో మాత్రో మారుస్తారు. పీడకలలకు ప్రజోసిన్ రాయవచ్చు. అది బీపీ మాత్ర, తక్కువ డోసుతో మొదలుపెడతారు. మొదటి రాత్రుల్లో మంచం మీంచి దిగ్గున లేస్తే కళ్లు తిరుగుతాయి. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే ఆల్ప్రజోలం మాత్రం వద్దు. పీటీఎస్‌డీకి పనికిరాదు, అలవాటు పడుతుంది, తాగే మందుతో కలిస్తే ఊపిరికే ఎసరు.

మాత్రలకంటే ఎక్కువ పనిచేసేది ట్రామాకే (మనసుకు తగిలిన పెద్ద దెబ్బ) ప్రత్యేకంగా చేసే థెరపీ. భయపెట్టే జ్ఞాపకాన్ని మెల్లగా ఎదుర్కొనేట్టు చేసే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అయితే వారానికొకటి చొప్పున 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కొక్కటి గంట నుంచి గంటన్నర. కళ్లు అటూ ఇటూ కదిలిస్తా జ్ఞాపకాన్ని తలచుకునేట్టు చేసే ఈఎండీఆర్ అని ఇంకోటి ఉంది. ‘ధైర్యంగా ఉండండి’ అని పంపేసేది కౌన్సెలింగ్ కాదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ట్రామా ఫోకస్డ్ థెరపీ చేసేవాళ్లు ఉన్నారా అని అడగండి. ఏ భాషలో అనేది కూడా. తెలుగువాళ్లే అయినా సర్వీసు సంగతులు హిందీలోనే నోటికి వచ్చేవాళ్లు చాలామంది.

తిరుపతి రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, మాత్రలకు, నెలనెలా చూపించుకోవడానికి అది చాలు. వేలూరు సీఎంసీ మానసిక విభాగం టౌన్లోని పెద్దాసుపత్రిలో కాదు, బాగాయంలో ఉంది, నేరుగా అక్కడికే పోవాలి. చేరాల్సి వస్తే ఇంటి మనిషి కూడా ఉండాల్సిందే. మీరు బెంగుళూరు హైవే మీదే ఉన్నారు కాబట్టి అక్కడి మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్ కూడా దూరమేమీ కాదు. నా ఓటు మాత్రం వారం వారం పోయిరాగలిగిన చోటికి. పేరున్న ఆసుపత్రికి ఒక్కసారి పోయి ఆపేస్తే లాభం లేదు.

---

చంద్రగిరి_నాయుడు:

ఇవన్నీ దేనికి సార్. అలిపిరి మెట్ల మీద నడిపించి దర్శనం చేయించండి, మనసు కుదుటపడుతుంది.

---

వార్డు_సిస్టర్:

నడక మంచిదే నాయుడుగారూ, అలిపిరి దారి 3,550 మెట్లు ఎక్కితే ఆ రాత్రి నిద్ర కూడా పడుతుంది. చిక్కు పైకి పోయినాక. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తలుపు వేసేస్తారు, చుట్టూ జనం, బయటికి దారి మన చేతిలో ఉండదు. ఇలాంటి మనిషికి అంతకంటే కష్టమైన చోటు లేదు. టైము ముందే తెలిసే 300 రూపాయల టికెట్టు తీసుకుని, రద్దీ లేని రోజు చూసుకోండి. చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుంటే పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాలి, చిరుతల భయంతో మధ్యాహ్నం దాటినాక వాళ్లను మెట్లదారిలో పోనివ్వరు.

---

ఫైలు_పట్టుకో:

ఈసీహెచ్‌ఎస్ గురించి. ఫ్యామిలీ అందరి కార్డులూ వచ్చాయా చూడండి, ఒక్కొక్కరికి వేరే కార్డు. దగ్గరి పాలీక్లినిక్కులో మెడికల్ ఆఫీసర్ చూసి సైకియాట్రీకి రిఫరల్ ఇస్తారు, ఆ రిఫరల్‌తో ఎంపానెల్ (ఈసీహెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్న) ఆసుపత్రికి పోతే డబ్బు కట్టనక్కర్లేదు. జనం తప్పు చేసేది రెండు చోట్ల. ఒకటి, రిఫరల్ లేకుండా నేరుగా పోయి బిల్లు తెచ్చుకోవడం. ఎమర్జెన్సీ అయితే తప్ప ఆ బిల్లు మీదే. ఎమర్జెన్సీలో చేరినా రెండు రోజుల్లోపు పాలీక్లినిక్కుకు తెలియజేయాలి. రెండోది, ఆసుపత్రి ఎంపానెల్ అయి ఉంటుంది కానీ సైకియాట్రీకి అయి ఉండదు. విభాగం పేరుతో సహా అడగండి. సీఎంసీకి పోవాలనుకున్నా ముందు పాలీక్లినిక్కులోనే అడగండి. మాత్రలు పాలీక్లినిక్కులో లేకపోతే లేవని రాయించుకోకుండా బయట కొనొద్దు, డబ్బు వెనక్కి రాదు.

డిజెబిలిటీ పెన్షన్ సంగతి మీరు అడగలేదు కానీ ఇప్పుడే చూసుకోవాలి. రిటైరయ్యేటప్పుడు జరిగిన రిలీజ్ మెడికల్ బోర్డు కాగితం తీసి చదవండి. అందులో నిద్ర, మానసిక సమస్య ఏమైనా రాశారా? రాసి, ‘సర్వీసుకు సంబంధం లేదు’ అని పెట్టారా? అలా పెడితే మొదటి అప్పీలు, రెండో అప్పీలు, తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మన రాష్ట్రానికి చెన్నై బెంచి. చేరేనాటి మెడికల్‌లో జబ్బు రాసి లేకపోతే అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలని ధరంవీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2023 సెప్టెంబరు 21 నుంచి ఈ పెన్షన్‌కు ఎవరు అర్హులో చెప్పే కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వచ్చాయి, కాబట్టి మీ బావ డిశ్చార్జి తేదీ ఏదన్నది ముఖ్యం. మామూలుగా రిటైరైన వాళ్లకు బోర్డు వేసిన వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి, రౌండాఫ్ వర్తిస్తే 50 లోపు ఉన్నది 50గా లెక్కేస్తారు. బోర్డులో అసలు ఏమీ రాయకపోతే పని కష్టం. యూనిట్ ఎంఐ రూములో (యూనిట్‌లోని చిన్న దవాఖానా) చూపించుకున్న చీటీలు, ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పులు ఏవున్నా పారేయొద్దు. చిత్తూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అప్పీలు రాసిపెట్టేదానికి సాయం అడగొచ్చు.

---

పలమనేరు_బామ్మర్ది:

చాలా థ్యాంక్స్. కానీ ఆసుపత్రి అంటేనే ‘నాకేం పిచ్చా?’ అని లేచిపోతాడు. అక్క ఏడ్చినా వినడు.

---

కుప్పం_సుబేదార్:

తమ్ముడూ, సైకియాట్రీ మాట ఎత్తబాకండి. చెవి, నిద్ర, బీపీ, ఈ మూడిటికీ పాలీక్లినిక్కుకి పోదామని చెప్పండి. మెడికల్ కేటగిరీ, ఏడాదికొకసారి చెకప్ అనేవి అలవాటైన మనిషి, అది కాదనడు. ఒకరోజు ముందు మీరు ఒక కాగితం మీద రాసి డాక్టరుకి అందేట్టు చూడండి: రేత్రి ఎన్నిసార్లు లేస్తాడు, ఎంత తాగుతాడు, ఎన్నాళ్లనుంచి, ఎవురిమీదన్నా చెయ్యి చేసుకున్నాడా, సచ్చిపోతానన్న మాట ఏమన్నా అన్నాడా. అయిదు లైన్లు చాలు. ఆయన ముందరే ఇదంతా చదివితే పరువు పోయినట్టు అవుతుంది.

ఇంకొకటి, చెప్పేది భార్యో బామ్మర్దో అయితే వినడు. అదే రెజిమెంటు పాత సీనియర్ ఎవురన్నా ఉంటే ఆయనతో ఫోన్ చేయించండి. ‘ఏడ్చినా వినడు’ అన్నారు కదా, ఏడిస్తే ఇంకా వినడు. ఏం చెయ్యాల్నో తెలీకనే లేచిపోతాడు. ‘గురువారం పదింటికి పోతా ఉండాం’ అని టైము చెప్పండి, అంతే.

రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఇంట్లోంచే చెయ్యొచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఎప్పుడైనా, ఉచితం. ముందు మీ అక్క చేసినా పరవాలేదు, ఆయన్ని ఎట్లా తెచ్చుకోవాలో వాళ్లే చెప్తారు.

---

పిల్లల_మాట:

పిల్లల గురించి వివరంగా రాస్తాను.

పాప దాక్కోవడం మామూలే. ఆ వయసుకు ఫోన్లో నాన్న వేరే, ఇంట్లో ఇంత ఎత్తున నిలబడిన మనిషి వేరే. ‘నాన్న దగ్గరికి పో’ అని తోయొద్దు, ఎత్తుకోమని ఆయన చేతుల్లో పెట్టొద్దు. ఆయన నేల మీద కూర్చోవాలి, పాప కళ్లకంటే తన కళ్లు పైన ఉండకూడదు. రోజూ ఒకే టైముకు పది నిమిషాలు ఆట. ఏం ఆడాలో పాప చెబుతుంది. ఆ పది నిమిషాల్లో ఆర్డర్లు లేవు, ప్రశ్నలు లేవు, సరిదిద్దడాలు లేవు. చూసింది చెప్పడమే: ‘ఎర్రగిన్నెలో ఇసుక పోస్తా ఉండావే. ఇప్పుడు మూత పెట్టినావు.’ వినేవాళ్లకు వెర్రిగా ఉంటుంది కానీ పిల్లకు మాత్రం ఈ మనిషి నన్నే చూస్తున్నాడని అర్థమవుతుంది. ‘అట్లా కాదు, ఇట్లా పెట్టు’ అన్న మాట ఆయన నోటిదాకా వస్తుంది, మింగేయాలి. అలారం మోగినాక ‘అయిపోయింది, రేపు మళ్లీ’ అని చెప్పి లేవాలి. ఆదివారం రెండు గంటలు ఆడి మిగతా ఆరు రోజులు మానేస్తే లాభం లేదు, ఆ టైముకు వస్తాడన్న నమ్మకమే ఇక్కడ పనిచేసేది. పిల్లోడితో అయితే పులిజూదం ఆడమనండి. ఎదురెదురు కూర్చోవాలి, మాట్లాడే పని లేదు, ఇద్దరికీ బుర్ర పని ఉంటుంది. గెలిపించాల్సిన పనీ లేదు.

అరుపు ఎందుకు వస్తుందో చూడండి. గది అవతలి నుంచి గట్టిగా ఒక ఆర్డరు వస్తుంది. పిల్లోడు బిగుసుకుంటాడు, కదలడు. అది భయం. తండ్రికి మాట వినకపోవడంగా కనిపిస్తుంది, గొంతు పెరుగుతుంది, వాడు ఇంకా బిగుసుకుంటాడు. దీన్ని మొదట్లోనే తెంచాలి. దగ్గరికి పోయి, పేరు పిలిచి, కళ్లు కలిశాక, ఒకే పని చెప్పాలి. ‘స్నానం చేసి బట్టలు వేసుకుని బ్యాగు సర్దుకో’ అంటే అవి మూడు పనులు. చెప్పాక లోపల ఐదు అంకెలు లెక్కపెట్టుకుని ఆగాలి.

కోపం ఎక్కుతున్నట్టు ఆయనకే ముందు తెలుస్తుంది, దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి. అప్పుడు అక్కతో ముందే అనుకున్న ఒక సైగ చేసి బయటికి పోవాలి. పోతూ ‘అరగంటలో వస్తా’ అని పిల్లలకు చెప్పాలి, చెప్పిన టైముకు రావాలి. ఒళ్లు చల్లబడటానికి ఎంత లేదన్నా 20 నిమిషాలు పడుతుంది, ఐదు నిమిషాల్లో వస్తే మళ్లీ అదే గొడవ. చెప్పకుండా పోతే మళ్లీ డ్యూటీకి పోయినాడనుకుంటారు పిల్లలు. అరిచిన రోజు పడుకునే ముందు రెండు మాటలు: ‘ఇందాక గట్టిగా అరిచాను. అది నా తప్పు.’ దాని వెనక ‘కానీ నువ్వు కూడా’ అని తగిలించకూడదు.

పిల్లలకు విషయం చెప్పాల్సిందే, దాస్తే తమవల్లే అనుకుంటారు. పాపకు ‘నాన్నకు చెడ్డ కలలు వస్తాయి, నీవల్ల కాదు, డాక్టరుకు చూపిస్తా ఉండాం’ అంటే చాలు. పిల్లోడు ఇంకో మాట అడుగుతాడు, ఇవాళ కాకపోతే రేపు: ‘నువ్వు ఎవర్నన్నా కాల్చినావా నాన్నా?’ అలా అడిగినప్పుడు కసరొద్దు, వివరాలు చెప్పొద్దు. ‘అక్కడ చాలా కష్టమైన పనులు చెయ్యాల్సొచ్చింది. నువ్వు పెద్దయినాక మాట్లాడుకుందాం’ అంటే సరిపోతుంది. పెళ్లిళ్లలో, తద్దినాల్లో ఇదే ప్రశ్న నవ్వుతా అడిగే పెద్దమనుషులు ఉంటారు. వాళ్లను ఆపే పని బామ్మర్దిది.

ఇన్నేళ్లు ఇల్లు నడిపింది అక్క. మొదటి మూడు నెలలు పిల్లల పర్మిషన్లు, చదువు, దండన అన్నీ ఆమె చేతిలోనే ఉండనివ్వండి. ఆయనకు ఒకే పని పూర్తిగా అప్పజెప్పండి, పొద్దున స్కూలుకు దింపడం లాంటిది. సగం సగం పనులు వద్దు.

---

కౌండిన్య_పక్కన:

చప్పుళ్ల గురించి. ఒంటిని ఎగరగొట్టేది చప్పుడుకంటే అది చెప్పకుండా రావడం. ఏనుగుల గుంపు దిగిందని ఫారెస్టు ట్రాకర్లు గ్రామాల్లో చెప్తారు కదా, ఆ కబురు మీ బావకు సాయంత్రమే అందేట్టు చూడండి. ‘ఈ రేత్రి కాలుస్తారు, తూర్పుపక్క’ అని తెలిస్తే సగం దెబ్బ తగ్గుతుంది. గ్రానైట్ క్వారీ దగ్గర్లో ఉంటే బ్లాస్టింగ్ టైము కనుక్కుని పెట్టుకోండి. చెవుల్లో దూది, ఇయర్ ప్లగ్గు వద్దు. కాపలా మనసు ఉన్నోళ్లకు ఏమీ వినబడకపోతే గాభరా ఇంకా ఎక్కువవుతుంది. ఫ్యాను చప్పుడు మేలు.

అలవాటు చేద్దామని ఎవురో ఒకరు పక్కనే టపాసు పేలుస్తారు. అది వైద్యం కాదు. చప్పుడుకు కొంచెం కొంచెంగా అలవాటు చేసేది థెరపిస్టు, మెట్టు మెట్టుగా. జాతర, దీపావళి రోజుల్లో పిల్లల్ని తిప్పే బాధ్యత ఆయన మీద పెట్టొద్దు. వస్తానంటే గుంపు అంచున, బయటికి దారి కనబడేచోట నిలబడనివ్వండి, పోదామంటే ఎందుకని అడగకుండా పోదాం రండి.

---

వార్డు_సిస్టర్:

ఉద్యోగం గురించి ఎవరూ చెప్పలేదు. నైట్ షిఫ్ట్ వద్దు. నిద్ర కుదుటపడకముందు రాత్రి మేలుకుంటే మాత్రలు, థెరపీ రెండూ వృథా. గన్‌మ్యాన్ ఉద్యోగమైతే అసలే వద్దు, ఇంట్లోకి తుపాకి వస్తుంది. ఇప్పటికే లైసెన్సు తుపాకి ఉంటే పోలీస్ స్టేషన్లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చెయ్యొచ్చు, డాక్టరు బాగుందనేదాకా అక్కడే ఉండనివ్వండి. పల్లెల్లో తుపాకికంటే పురుగుమందు పెద్ద ప్రమాదం. టమాటాకు, మామిడికి కొట్టే డబ్బాలు ఇంట్లో, పశువుల కొట్టంలో ఉంచొద్దు, తాళం వేసిన పెట్టెలో పెట్టి తాళంచెవి పక్కింట్లో ఇవ్వండి. చచ్చిపోవాలన్న మాట ఆయన నోట వచ్చినా, ఉన్నట్టుండి అప్పులు తీర్చి, వస్తువులు పంచిపెడుతున్నా ఆ రోజే ఆసుపత్రి. పురుగుమందు తాగినా, మాత్రలు ఎక్కువ మింగినా 108.

పగటిపూట పని కావాలంటే జాతీయ బ్యాంకుల్లో గ్రూప్ సీ పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం, గ్రూప్ డీలో 24.5 శాతం రిజర్వేషన్ ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. కమ్యుటేషన్ (పెన్షన్లో కొంత భాగానికి ఒకేసారి ఇచ్చే డబ్బు), గ్రాట్యుటీ డబ్బు మొదటి ఏడాది ఫిక్స్‌డ్‌లో ఉండనివ్వండి. దాంతో బోరు వేద్దామంటే, మన జిల్లాలో వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని బోర్లు చాలా ఉన్నాయి, నిద్రలేని మనిషి తీసుకునే నిర్ణయం కాదది.

---

పలమనేరు_బామ్మర్ది:

అందరికీ దణ్ణాలు. గురువారం పాలీక్లినిక్కుకు తీసుకుపోతాం, చెవి పేరు చెప్పినాం, సరే అన్నాడు. అక్కకు కూడా నిద్ర లేదు, చెయ్యి వణుకుతుంది. ఆమెకూ అదే రోజు చూపించొచ్చా?

---

ఫైలు_పట్టుకో:

చూపించొచ్చు. ఆమె కార్డుతో ఆమెకు వేరే రిఫరల్ రాస్తారు, ఇద్దరికీ ఒకే డాక్టరు కావాలన్న రూలు లేదు. కార్డులు, ఆధార్లు, డిశ్చార్జి బుక్ తీసుకుపొండి. ఆధార్లో అక్క పేరు, సర్వీసు రికార్డులో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే రికార్డ్ ఆఫీసుకు రాసి సరిచేయించండి. పొద్దున్నే టోకెన్ తీసుకుంటే మధ్యాహ్నానికి బయటపడొచ్చు.